సందుకుళాయి తవిటమ్మ

అనగనగా ఒక కొండవాలు ఊరు. ఎప్పటి మాటని అడక్కండి, కుళాయి చూడ్డానికి జనం బండి కట్టుకుని వెళ్లిన రోజులు. ఆ ఊళ్లో తవిటమ్మ అని మట్టిపొయ్యిలు చేసే ముసలమ్మ ఉండేది. మోకాళ్లు పడిపోయి వాగుకి దిగలేకపోయేది. ఎవరైనా ఇన్ని నీళ్లు పోస్తే ఆ పూట గంజి, లేకపోతే పస్తు.

ఊరివాళ్లు కొండమీది ఊటకి గొట్టం వేశారు. నీళ్లు రెండు బండల సందులో, నేలకి జానెడెత్తున మాత్రమే వచ్చాయి. వదిలేస్తే మధ్యాహ్నానికే ఊట ఖాళీ. కుళాయి కావాలి.

ఊరిపెద్ద సన్యాసినాయుడు ఏనుగు తొండమంత ఇత్తడి కుళాయి తెచ్చాడు. "ఊరి పరువుకి తగినట్టుండాల" అన్నాడు. సందులో పట్టలేదు. ఇంకోటి తెచ్చాడు. అది పట్టింది గానీ పిడి బండకి కొట్టుకుని తిరగలేదు.

అప్పుడు తవిటమ్మ దేకుతూ వచ్చి సందులో చెయ్యి పెట్టి చూసింది. "నాయుడు బాబూ, నా పిడికిలంత చోటుంది. అంతకి మించింది తేకు."

మూడోసారి బుల్లి కుళాయి వచ్చింది. ఊరంతా నవ్వింది. కానీ అది పట్టింది, తిరిగింది, నీళ్లు ఆపింది. చిక్కొకటే, దాని కింద కడవ పట్టదు, చెంబే పడుతుంది.

"ఒంగి ఒంగి ఎవులు నింపుతారే?" అని ఆడవాళ్లు విసుక్కున్నారు.

"నానెలాగూ కూకునే ఉంతాను గదా. కడవ దించమ్మా" అంది తవిటమ్మ.

ఇక పొద్దున్న అదే మాట, మధ్యాహ్నం అదే మాట, సందెవేళ అదే మాట. కడవ దించమ్మా. కసురుకుంటూ వచ్చినవాళ్లకీ, ఏడుస్తూ వచ్చినవాళ్లకీ, ఒకప్పుడు చుక్క పొయ్యనివాళ్లకీ నింపింది. తన కుండ అందరికంటే ఆఖర్న నింపుకునేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున్న సందు దగ్గర కూర్చుని నింపేవాళ్లు ఎవరూ లేరు. తవిటమ్మ నిద్రలోనే పోయింది. ఆడవాళ్లు కడవలు చంకనుంచి దించకుండా నిలబడిపోయారు. కాసేపటికి, బురదలో ఏనాడూ కాలు పెట్టని నాయుడి పెళ్లాం చీర కుచ్చిళ్లు దోపుకుని నేలమీద చతికిలబడింది. చెంబు అందుకుంది. పక్కామెతో, "కడవ దించమ్మా" అంది.

ఆ సందు దగ్గర ఈనాటికీ ఎవరి కడవ వాళ్లు నింపుకోరు. వెనకొచ్చినామె ముందామెకి నింపుతుంది. ఆఖరామెకి నింపడానికి మొదటామె ఆగుతుంది. కొత్తకోడలు తెలియక తన కడవ తనే నింపుకోబోతే, "అయ్యో, నీకు తవిటమ్మ లేదనుకున్నావా తల్లీ?" అంటూ ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు.