ఈరమ్మ చెప్పు తెగిన చోటు

మీ చేతిలో ఉన్న వస్తువును ఎందుకు కొన్నారు? మీకు కావాలనా, పక్కవాళ్ల దగ్గర ఉందనా? ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. జవాబు మనసులోనే చెప్పుకోండి, కాకపోతే నిజం చెప్పుకోండి. ఆ తర్వాత సిద్ధేశ్వరి సంగతి వినండి.

నల్లమల అడవిలో, శ్రీశైలం పోయే కాలిబాట పక్కన ఒక చిన్న మఠం. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి భక్తులు గుంపులు గుంపులుగా ఆ అడవిలో నడిచి మల్లన్న దగ్గరికి పోతారు. వాళ్లకు దారి చూపడం, దప్పిక తీర్చడం ఆ మఠం సేవ. అప్పటికే ఎండలు ముదిరి వాగుల్లో, వంకల్లో నీళ్లు పైకి కనపడవు. ఇసుక తోడి చెలమ తియ్యాలి. నిరుడు ఊరిన చోట ఈ ఏడు ఊరదు. అందుకే యాత్రకు ముందే మఠం వాళ్లు వెళ్లి చెలమలు వెతుకుతారు. చెలమ తీసిన మనిషే భక్తులకు ముందు నడవాలి. అది అక్కడి కట్టుబాటు.

ఏళ్ల తరబడి ఆ ముందు నడక సిద్ధేశ్వరిది. వెనక భక్తుల కర్రలకు కట్టిన గజ్జెల చప్పుడు, "మల్లయ్యా" అనే కేకలు, ముందు తానొక్కతే. ఏడాదంతా ఆమె బతికేది ఆ కొన్ని రోజుల కోసమే.

నిరుడు టేకు చెట్ల మధ్య ఆమె దారి తప్పింది. వెనక వస్తున్న ఒక ముసలామె దప్పికతో కూలబడిపోయింది. వాళ్లను వెతుక్కుంటూ వచ్చి నీళ్లు అందించింది ఈరమ్మ. మఠానికి కొత్తగా వచ్చిన పిల్ల. ఆమె చేతిలో అన్న ఇచ్చిన పాత జీపీఎస్ యంత్రం ఒకటి ఉండేది. పసుపురంగు డొక్కు, నాలుగు మీటలు, లోపల పెన్సిల్ సెల్స్.

ఆ రోజు గురువు శరణవ్వ ఈరమ్మ తల మీద చెయ్యిపెట్టి, "మంచిపని చేసినావు మే" అంది.

అంతే అంది. కానీ ఆ చెయ్యి ఏనాడూ సిద్ధేశ్వరి తల మీదికి రాలేదు. ముసలామె కోలుకుని ఊరికి పోయింది. ఆ మాట మాత్రం సిద్ధేశ్వరి గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఈరమ్మ రొట్టె చేస్తే ఉప్పు ఎక్కువైనట్టుండేది. ఈరమ్మ నవ్వితే తననే చూసి నవ్వినట్టుండేది.

ఈ ఏడు బళ్లారి బట్టల వ్యాపారి ఒకాయన మఠానికి కొంత డబ్బు పంపాడు. "అడవిలో ఫోన్లను నమ్ముకోలేం. చేతిలో పట్టే జీపీఎస్ ఒకటి కొనండి. ఖరీదైనది అక్కర్లేదు, గట్టిది చాలు. మిగిలింది పానకం బెల్లానికి" అని చెప్పి పంపాడు.

శరణవ్వ ఆ డబ్బు సంచి సిద్ధేశ్వరి చేతిలో పెట్టింది. "నువ్వే చూసి తీసుకురా."

కర్నూలు దుకాణంలో కుర్రాడు అద్దాల బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఎక్కడ వాడతారు మేడం? అడవా? చార్జింగుకు కరెంటు ఉంటుందా?"

"అదట్ల ఉండనీ. దీంట్లో రంగుల పటం వస్తుందా?"

"దీంట్లో రాదు. గట్టిది మాత్రం. వానలో తడిసినా, బండమీద పడినా ఏం కాదు. సెల్స్ ఎక్కడైనా దొరుకుతాయి. ధర కూడా తక్కువే."

"ఇట్లాంటిదే ఈరమ్మ దగ్గర ఉండాది."

"పోనీ ఇది చూడండి. పెద్ద తెర, వేలితో తాకితే చాలు. కానీ బ్యాటరీ లోపలే. అయిపోతే చార్జింగు పెట్టాల్సిందే."

"ఈరమ్మ దానికన్నా పెద్దదేనా తెర?"

కుర్రాడు బల్ల మీద మోచేతులు ఆనించాడు. "మేడం, ఈసారి వచ్చేటప్పుడు ఆ ఈరమ్మగారిని కూడా పిల్చుకురండి. ఆమెకు ఏం లేదో చూసి, అదే మీకు అమ్ముతా."

సిద్ధేశ్వరి ముఖం కందిపోయింది. పెద్ద తెరదే కొనింది. బెల్లానికి ఏమీ మిగల్లేదు.

మఠానికి రాగానే అందరి ముందూ దాన్ని శరణవ్వకు చూపించింది. "ఈడ తాకితే చాలవ్వా. మనం నడిచిన దారంతా ఎర్రగీతగా వస్తుంది. యాడ తిరిగినాం, యాడ ఆగినాం, ఏదీ దాగదు. నడక మొదలుపెడితే దానంతటదే గీసుకుంటుంది."

ఈరమ్మ తొంగిచూసి, "బాగుండాదక్కా. నాదాంట్లో గీత ఇంత బాగా కనపడదు" అంది.

మెచ్చుకుందా, వెక్కిరించిందా? సిద్ధేశ్వరి తేల్చుకోలేకపోయింది. వెక్కిరింతే అనుకుంది.

యాత్ర దగ్గరపడింది. ఒక పొద్దున శరణవ్వ ఇద్దరినీ పిలిచింది.

"ఈసారి జనం ఎక్కువ. రెండు చెలమలు కావాలి. ఈరమ్మా, నువ్వు తూర్పు వంకకు పో. సిద్ధేశ్వరీ, నువ్వు పడమటి వంకకు. ఎవరి చెలమ దగ్గరికి వాళ్లే ఒక గుంపును నడిపించుకుపోండి."

రెండు చెలమలు, రెండు గుంపులు, ఇద్దరికీ ముందు నడక. విన్నారు కదా? ఇందులో పోటీ ఎక్కడుంది?

సిద్ధేశ్వరికి కనపడింది. పడమటి వంక వైపు కొంత దూరం నడిచి, వెనక్కి తిరిగి చూసింది. ఎదుటి వాలు మీద ఈరమ్మ పసుపు డొక్కు పట్టుకుని చకచకా పోతోంది. ఆ నడక చూస్తే నీళ్లు ఎక్కడున్నాయో తెలిసినట్టే ఉంది. నేను పోయే వంక ఎండి ఉంటే? అది తడి చేత్తో తిరిగొస్తే? అవ్వ మళ్లీ దాని తల మీద చెయ్యి పెడితే?

సిద్ధేశ్వరి దారి మార్చింది. చెట్ల చాటున ఈరమ్మ వెనకాలే నడిచింది.

ఈరమ్మ ఒకచోట ఇసుక తోడి, పొడిగా ఉంటే పెదవి విరిచి లేచింది. సిద్ధేశ్వరి పొదలో కూర్చుని చూసింది. ఈరమ్మ ముళ్లకంపల్లోకి పోయి దారిలేక వెనక్కి వచ్చింది. సిద్ధేశ్వరి కూడా గీసుకుపోయిన చేతులతో వెనక్కి వచ్చింది. ఇంకోచోట ఈరమ్మ చెప్పు తెగింది. బండమీద కూర్చుని, నార ఒకటి చీల్చి, పాట పాడుకుంటూ తీరిగ్గా కట్టుకుంది. అంతసేపూ సిద్ధేశ్వరి మద్దిచెట్టు వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది. చీమలు కుడుతున్నా కదల్లేదు.

ఎండ వాలే వేళకు ఈరమ్మకు నీళ్లు దొరికాయి. ఆమె అక్కడ ఆనవాలుగా గుడ్డ కట్టి, చుట్టూ కంప వేస్తుంటే, సిద్ధేశ్వరి ఆ చోటును తన యంత్రంలో గుర్తుపెట్టుకుని అడ్డదారిన మఠానికి పరుగెత్తింది.

"నీళ్లు చూసినా అవ్వా!" వాకిట్లోనే అరిచింది.

శరణవ్వ చింతపండు పిసుకుతోంది. తలెత్తి, "యాడ?" అంది.

సిద్ధేశ్వరి చెప్పింది. కాసేపటికి ఈరమ్మ వచ్చింది. ఆమె కూడా అదే చోటు చెప్పింది. "అక్కకు కూడా ఆడనే కనపడిందా? నేను నిన్ను చూడనేలేదే!" అని ఆశ్చర్యపోయింది.

శరణవ్వ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "రెండూ ఇట్లివ్వండి మే. ఆ గీతలు చూద్దాం."

రెండు యంత్రాలనూ అరుగు మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో సన్న నల్లగీత. ఇంకోదాంట్లో సిద్ధేశ్వరి చెప్పినట్టే, కళ్లకు కొట్టొచ్చే ఎర్రగీత. అది పడమటికి కొంచెం పోయి, చటుక్కున మెడ తిప్పినట్టు తూర్పుకు తిరిగింది. ఆ తర్వాత నల్లగీత వంగిన ప్రతిచోటా వంగింది. అది కంపల్లోకి పోయి వెనక్కి వస్తే ఇదీ వచ్చింది.

శరణవ్వ వేలు ఒకచోట ఆగింది. అక్కడ నల్లగీత చిక్కుపడిన దారపుండలా ఉంది.

"ఇదేంది?"

"ఆడ నా చెప్పు తెగిందవ్వా. కూర్చుని కట్టుకున్నా. కదలకుండా కూర్చుంటే అది అట్లనే గీకుతుంది."

శరణవ్వ వేలు ఎర్రగీత మీదికి జరిగింది. అక్కడ కూడా ఒక ఉండ. ఎర్రగా, పెద్దగా.

"నీ చెప్పు కూడా ఆడనే తెగిందా అమ్మీ?"

సిద్ధేశ్వరి కిందికి చూసింది. చెప్పులు రెండూ బాగానే ఉన్నాయి.

ఇంతలో పెద్ద తెర ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది. ఈరమ్మ అప్పుడు అంతా అర్థమైనట్టు సిద్ధేశ్వరి గీసుకుపోయిన చేతుల వైపు చూసి, మళ్లీ చూపు తిప్పుకుంది.

శరణవ్వ పసుపు డొక్కును ఎత్తి, కళ్లకు దూరంగా పట్టుకుంది. వేలుపెట్టి తెర మీద పడమటి వైపు చూపించింది. అక్కడ ఏ గీతా లేదు.

"ఆ వంక నిన్ను అడుగుతాండాది" అని లేచి, చింతపండు దగ్గరికి పోయింది.

తెల్లారకముందే సిద్ధేశ్వరి లేచింది. గడప దగ్గర ఈరమ్మ నిలబడి ఉంది. "నాది తీసుకుపో అక్కా. కొత్త సెల్స్ ఏసినా."

తీసుకోవాలంటే చెయ్యి రాలేదు. తర్వాత వచ్చింది.

పడమటి వంకలో ఎవరి అడుగులూ లేవు. చూడటానికి ఎవరి వీపూ లేదు. సిద్ధేశ్వరి ఒకచోట ఆగింది. లేచింది. ఇంకోచోట ఆగి, మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడింది. పొడి ఇసుక, ఇంకా పొడి ఇసుక, మోచేతి లోతున చల్లగా ఏదో తగిలింది. పక్కన బండమీద చిన్న తెరలో ఒక సన్నగీత, ఒక్కటే, అక్కడిదాకా వచ్చి ఆగి ఉంది.

మీ వంక ఏదో మీకు తెలుసు. ఇంకా కూర్చునే ఉన్నారేం? లేవండి, పొద్దెక్కకముందే బయల్దేరండి.