రెండు చీటీల సీసా

గడువు దాటిన సరుకు ఏదీ నా కళ్ళు గప్పి మా ఇంట్లోకి రాలేదు. మందు సీసా అయినా, బిస్కెట్ల పొట్లం అయినా ముందు నా చేతిలో తలకిందులై, తేదీ చూపించి, ఆ తర్వాతే వంటింట్లోకి వెళ్ళాలి. ఈ విద్యలో మా వీధి మొత్తానికి నేనే మొనగాణ్ణి.

సరే, ఒక్క పొట్లం మాత్రం తప్పించుకుంది. దాన్ని తప్పించిందీ నేనే. ఆ సంగతి ఆఖర్న చెప్తాను, మీరు మరిచిపోకపోతే. ముందు కథ వినండి. ఇది నాది కాదు, అమ్మమ్మది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, వసారాలో చాప వేసి నన్నో పక్కన, చెల్లి సిరిని ఇంకో పక్కన పడుకోబెట్టుకుని చెప్పింది. ఆ సాయంత్రం నా కడుపు బాగాలేదు. పచ్చి మామిడికాయ తిన్నానని చెప్పాను. అమ్మమ్మ కాస్త వాము నమలమని ఇచ్చి కథ మొదలుపెట్టింది.

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, మంత్రీ లేడు, పూలమ్ముకునే ఎర్నమ్మ ఉండేది. ఆవిడకి అయిదేళ్ళ కూతురు, పేరు వరాలు. పొద్దున్నే ఎర్నమ్మ మల్లెలూ కనకాంబరాలూ మాలలు కట్టేది. బుట్టలో అరిటాకు పరిచి, పూలు పెట్టి, పైన తడిగుడ్డ కప్పుకుని వీధి వీధీ తిరిగేది. ఆవిడ చెయ్యి పొట్టి. అందుకని మూర కొలిచి, పైన ఇంకో జానెడు వేస్తే గానీ ఎవరూ ఊరుకునేవాళ్ళు కాదు. రాలిన పూలన్నీ వరాలువి. "అమ్మా, నా పూలేవీ?" అని గుమ్మంలో కూచునేది.

ఎర్నమ్మ బుట్టలో పూలు ఎప్పుడు చూసినా అప్పుడే కోసినట్టుండేవి. అదెలాగో ఎవరూ అడగలేదు.

ఆ ఊళ్ళో ఒకటే దుకాణం, గవర్రాజుది. ఒక పక్క పప్పులూ ఉప్పులూ, ఇంకో పక్క మందులూ. "రా అక్కా, రా వదినా, పిల్లలు కులాసానా?" అని నోరారా పలకరించేవాడు. దాంతో ఊరివాళ్ళకి ఒక మొహమాటం పట్టుకుంది. సీసా తిప్పి చూడటానికి మొహమాటం, పొట్లం మీది తేదీ చదవడానికి మొహమాటం. చూస్తే గవర్రాజుని నమ్మనట్టుంటుందిట. అందుకని అందరూ అతని మొహం చూసి సరుకు తీసుకునేవాళ్ళు.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. ఊళ్ళో పిల్లలందరికీ జ్వరాలు వచ్చాయి. వరాలుకీ వచ్చింది.

మొదటి రోజు ఎర్నమ్మ దుకాణానికి వెళ్ళింది. గవర్రాజు ఎర్రటి మందు సీసా ఇచ్చాడు. "మూడు పూటలు పట్టు అక్కా, నాలుగో పూటకి గంతులేస్తుంది" అన్నాడు. పట్టింది. జ్వరం తగ్గలేదు.

రెండో రోజు వెళ్ళింది. గవర్రాజు కత్తెర తీసి, మాత్రల అట్టలోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. తేదీ ఉన్న ముక్క అతని సొరుగులోనే ఉండిపోయింది. మాత్ర అరగదీసి పట్టింది. జ్వరం తగ్గలేదు.

మూడో రోజు జావకని బార్లీ పొట్లం తెచ్చింది. విప్పితే ముక్కిన వాసన. "వానాకాలం కదా అక్కా, నా చొక్కా కూడా అదే వాసన" అని నవ్వాడు గవర్రాజు. ఆ జావ తాగిన పాపకి వాంతులు పట్టుకున్నాయి. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. తల్లి బుట్ట దించినా, నా పూలేవీ అని అడగడం మానేసింది.

ఆ తర్వాత ఎర్నమ్మ ఆ మందు సీసాని పూలబుట్టలో పెట్టుకుంది. పాపని పక్కింటావిడకి అప్పగించి, "ఇది పని చెయ్యట్లేదు బాబూ, వేరేది ఇయ్యి" అని అడుగుదామని బయల్దేరింది. సీసా తడిగుడ్డ మీద పడుకుని ఊగుతూ వచ్చింది. దుకాణం దగ్గర పడ్డాక చేతిలోకి తీసుకుంటే, దాని మీది చీటీ నాని, వేలికి అంటుకుని ఊడొచ్చింది. కింద ఇంకో చీటీ ఉంది.

ఎర్నమ్మ మూడో తరగతి దాకా చదివింది. అంకెలు వచ్చు. ఊడిన చీటీ మీద గడువు వచ్చే ఏడాది. కిందది చూస్తే, గడువు దాటి రెండేళ్ళయింది.

ఇక్కడ నేను దుప్పటి ముసుగు పెట్టాను. "అమ్మమ్మా, ఇది వద్దు. దయ్యాల కథ చెప్పు" అన్నాను.

"ఇంతకన్నా పెద్ద దయ్యాన్ని నేనెక్కడి నుంచి తేనురా" అంది అమ్మమ్మ. మళ్ళీ కథ అందుకుంది.

అప్పుడు ఎర్నమ్మ దుకాణం మెట్లు ఎక్కలేదు. వెనక్కి పరిగెత్తింది. పాపని చంకనేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ పాపని చూసింది, సీసాని చూసింది, రెండు చీటీలూ చూసింది. పాపకి మంచి మందు వేసి మంచం మీద పడుకోబెట్టింది.

"ఇంకో పూట ఆలస్యం చేస్తే చాలా కష్టమయ్యేదమ్మా. ఈ సీసా పారెయ్యకు, ఈ చీటీ కూడా దాచు, ఇవే సాక్ష్యం. ఇదే మందు ఇంకా ఎంతమంది పిల్లలకి పడుతున్నారు?"

ఎర్నమ్మకి అప్పుడు తట్టింది. ఊరందరూ పడుతున్నారు.

పాపని డాక్టరమ్మకి వదిలి ఊళ్ళోకి వచ్చింది. మొదటి ఇంట్లో చెప్పింది. "గవర్రాజా? మా పెళ్ళిలో వడ్డన చేసినవాడే. ఛ, ఊరుకో" అన్నారు. రెండో ఇంట్లో చెప్పింది. "ఇప్పుడు వెళ్ళి అడిగితే ఏం బాగుంటుంది ఎర్నమ్మా" అని నసిగారు. మూడో ఇంట్లో పిల్లాడికి చెంచాతో ఆ మందే పడుతున్నారు. "మూడు పూటలన్నాడు, ఇది రెండోదేగా" అన్నారు.

ఆ తర్వాత ఎర్నమ్మ తిన్నగా దుకాణం ముందుకెళ్ళి నిలబడింది. సీసా ఒక చేత్తో, చీటీ ఒక చేత్తో పైకెత్తి చూపించింది. జనం మూగారు.

గవర్రాజు నవ్వడం మానలేదు. "నీతులు బాగానే ఉన్నాయి అక్కా. మరి నువ్వో? నిన్నటి పూల మీద నీళ్ళు చల్లి, ఇవాళ్టివని అమ్మట్లేదా? నీ గుమ్మం మా దొడ్డికి ఎదురే, రోజూ చూస్తూనే ఉన్నాను."

అందరూ ఎర్నమ్మ వైపు తిరిగారు. ఒకావిడ చెయ్యి తన జడ మీదికి వెళ్ళింది. లేదని ఆవిడ అంటే నమ్మేవాళ్ళే. అవునంటే రేపటి నుంచి ఆవిడ పూలు కొనేవాళ్ళుండరు.

ఎర్నమ్మ బుట్ట కింద పెట్టింది. తడిగుడ్డ తీసేసింది.

"చల్లాను. ఈ అడుగున ఉన్నవి నిన్నటివే. రోజూ నేను చేసేదే కనక, చీటీ ఊడగానే ఇతను చేసిందేమిటో నాకు తెలిసిపోయింది. నా తప్పుకి మీ జడలు చిన్నబోయాయి తల్లీ. ఇతని తప్పుకి నా వరాలు కళ్ళు తెరవట్లేదు. నా పూలు కొనకండి, పరవాలేదు. మీ ఇళ్ళకెళ్ళి ఆ సీసాల్ని ఒక్కసారి నీళ్ళలో పెట్టి చూడండి. చాలు."

తన తప్పు తానే చెప్పుకున్న మనిషి అబద్ధమెందుకు ఆడుతుంది? చెంచా పట్టుకున్న మూడో ఇంటావిడే ముందు కదిలింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, సీసా పెట్టింది. చీటీ తేలింది. ఆ తర్వాత పక్కింట్లో తేలింది. సాయంత్రానికి ఊళ్ళో పదకొండు చీటీలు పళ్ళాల్లో పడవల్లా తిరుగుతున్నాయి.

డాక్టరమ్మ కబురు పెడితే మందుల అధికారులు వచ్చారు. సీసాలన్నీ పట్టుకుపోయి దుకాణానికి తాళం వేశారు. పిల్లలందరికీ ఆసుపత్రిలో సరైన మందు వేశారు. మూడో రోజు పొద్దున వరాలు కళ్ళు తెరిచి, తల్లిని ఎగాదిగా చూసి, "నా పూలేవీ?" అంది.

అప్పటి నుంచి ఎర్నమ్మ రెండు బుట్టలు మోసేది. ఒకదాంట్లో ఇవాళ్టివి, ఒకదాంట్లో నిన్నటివి. నిన్నటివి సగానికే. చిత్రం, రెండూ అమ్ముడుపోయేవి. కొత్తగా దుకాణం పెట్టినవాళ్ళకి ఊరంతా కలిసి మూడు మాటలు చెప్పింది. మూత బిగువుగా ఉండాలి. మాత్రలు కత్తిరిస్తే తేదీ ఉన్న ముక్క చూపించాలి. ఎంత కొన్నా బిల్లు ఇవ్వాలి. ఇక మొహమాటం అన్నవాళ్ళని చూసి పిల్లలే నవ్వేవాళ్ళు.

"గవర్రాజు ఏమయ్యాడు?" అన్నాను ముసుగులోంచి. అది తెలుసుకోవాల్సిన అవసరం నాకు చాలా ఉంది.

"శిక్ష పడింది. అనుభవించి తిరిగొచ్చి కొబ్బరికాయలు అమ్ముకున్నాడు. కొబ్బరికాయ మీద చీటీ అంటించలేడుగా. అయినా ఊరివాళ్ళు ఒక్కో కాయనీ అతని ముందే చెవి దగ్గర పెట్టుకుని ఊపి ఊపి మరీ కొనేవాళ్ళు. కానీ కొన్నారురా. బుద్ధి తెచ్చుకున్నవాడి దగ్గర కొనకుండా ఎందుకుంటారు?"

అని, నా ముసుగు తీసి, ముక్కు పట్టుకుని ఊపుతూ పాడింది:

పాత మందు పాతరకి, పాప మళ్ళీ ఆటకి,
కథ నడిచె కంచికి, మనం ఇక మంచానికి.

చెల్లి అప్పటికే నిద్రపోయింది. అమ్మమ్మ దాన్ని ఎత్తుకునే లోపు నేను లోపలికి పరిగెత్తి, దాని తలగడ కింద ఉన్న క్రీం బిస్కెట్ల పొట్లం లాగేశాను. దసరాకి మామయ్య తెచ్చినది. ఎవరికీ పెట్టకుండా ట్రంకు పెట్టె వెనక దాచి, మరిచిపోయి, మే నెలలో దొరికితే చూశాను. గడువు మూడో నెలతో అయిపోయింది. నల్ల పెన్నుతో మూడుకి రెండు గీతలు కలిపి ఎనిమిది చేశాను. చెల్లి రంగు పెన్సిళ్ళ డబ్బాకి మార్పిడి చేసుకున్నాను.

లైటు కింద పట్టుకుని చూస్తే పొట్లం తడిగా ఉంది. నా ఎనిమిది సగం చెరిగిపోయింది. లోపలి నుంచి మూడు నన్నే చూస్తోంది. అంతకుముందే ఎవరో తడివేలితో రుద్దారు. ఎవరో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

బిస్కెట్లు పెంట మీద పారేశాను. పొద్దున్నే పెన్సిళ్ళు తిరిగిచ్చేశాను, అరగ్గొట్టిన ఆకుపచ్చది తప్ప. ఇక మిగిలింది ఆ మామిడికాయ సంగతి. ఆ సాయంత్రం నేను నాలుగుసార్లు చెంబు పట్టుకుని దొడ్లోకి పరిగెత్తడానికీ, ఏ మామిడికాయకీ సంబంధం లేదు. చెల్లికిచ్చే ముందు, బాగున్నాయో లేదో చూద్దామని, మూడు బిస్కెట్లు నేనే తిన్నాను.