పురిటికొచ్చిన కొంగలు

ఉప్పుటేరు సముద్రంలో కలిసే దిక్కున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. తాతముత్తాతలు సంపాదించిన బిరుదులు చాలక ఆయన తనకు తానే ఇంకొకటి ఇచ్చుకున్నాడు: 'సకలప్రాణిపిత'. సభ మొదలయ్యే ముందు వందిమాగధులు రోజూ దాన్ని గొంతెత్తి చదివేవారు. ప్రాణుల్లో ఏదీ వచ్చి కాదనలేదు గనక ఆ బిరుదు ఖాయమైపోయింది.

ఆ రాజు చిత్తడి నేలల ఒడ్డున పాలరాతితో విహారమందిరం కట్టించాడు. పక్కనే చింతలవలస అనే పల్లె, పల్లె నిండా ముసలి చింతచెట్లు. తొలకరి పడగానే ఎక్కడి నుంచో కొంగలు వచ్చి ఆ చెట్ల మీద గూళ్లు కట్టుకునేవి. గృహప్రవేశం నాటికి మందిరం కప్పు మీద రెట్టలు, మెట్ల మీద సగం తిన్న చేపలు, గాలినిండా నీచు వాసన.

"చెట్లు కొట్టేయండి" అన్నాడు రాజు.

సైనికులు గొడ్డళ్లు పట్టుకుని వెళ్లారు. పల్లెవాళ్లు చెట్ల మొదళ్లకు వీపులానించి కూర్చున్నారు. సైనికులు తిరిగొచ్చారు. రాజుకు ఒళ్లు మండింది. తెల్లవారగానే ఏనుగులతో చెట్లనూ, అడ్డమొస్తే ఇళ్లనూ పెకలించమని దళపతికి ఆజ్ఞాపించాడు. సభంతా తలలూపింది. ఊపనివాడు పేరిభొట్లు ఒక్కడే. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం.

"ఏనుగులకు శ్రమ దేనికి ప్రభూ? నేను వెళ్లి వాళ్లను ఒప్పించుకొస్తాను. సాయంత్రం దాకా గడువివ్వండి" అన్నాడు.

పల్లెలో ఊరిపెద్ద అప్పలనరసమ్మ ఒక చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది. పేరిభొట్లును చూసి లేవలేదు.

"ఆ పిట్టల కోసం ఇంత పట్టుదల దేనికమ్మా?" అని అడిగాడాయన.

"పిట్టలు కావు బాబూ, మా ఆడపిల్లలు. పురిటికొచ్చారు. ఆళ్లున్నన్నాళ్లూ ఊళ్లో డప్పయినా కొట్టం, పసిగుడ్లు జడుసుకుంటాయని."

"రేపు ఏనుగులొస్తాయి."

"రానియ్ బాబూ. పచ్చి బాలింతని గుమ్మం దిగమన్న పుట్టిల్లు ఏ ఊళ్లోనైనా ఉందేటి? ఆ పాపం మా ఊరితో మొదలవకూడదు. ముందు మమ్మల్ని తొక్కించమను, తరవాత చెట్ల సంగతి."

"పోనీ, వాటివల్ల మీకేమైనా లాభముందా?"

"మీ ఇళ్లల్లో పురిటికొచ్చిన పిల్లని లాభమడుగుతారా బాబూ?"

పేరిభొట్లు గూళ్ల వంక చూసి, "అయితే కూతుళ్లను సాగనంపేటప్పుడు మీరు పెట్టే చలిమిడి చేయించండి. బుట్టల నిండా. పెట్టేది మీరు కాదులెండి" అన్నాడు.

సాయంత్రం ఆయన సభకు వచ్చేసరికి వెనక చలిమిడి బుట్టలతో పల్లె ఆడవాళ్లున్నారు.

"ఒప్పుకున్నారా?" అన్నాడు రాజు.

"ఒప్పుకున్నారు ప్రభూ. ఆ కొంగలు తమ ఆడపిల్లలని ఇన్నాళ్లూ పొరబడ్డారట. సకలప్రాణులకూ తండ్రి తమరని నేను గుర్తు చేశాను. కన్నతండ్రే పంపేస్తానంటే కాదనడానికి వాళ్లెవరు?"

రాజు మీసం దువ్వుకున్నాడు. "అదీ మాట."

"ఆచారం మాత్రం తప్పకూడదు. పుట్టింటివారు చలిమిడి పెట్టి, 'వెళ్లిరా అమ్మా' అనందే బాలింత గడప దాటదు. తమరు స్వహస్తాలతో ప్రతి గూటికీ పెట్టాలి."

సభలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

"కొంగకు నేను చలిమిడి పెట్టాలా?"

"అక్కర్లేదు ప్రభూ. తమరు వాటికి తండ్రి కారంటే ఈ తంతుతో పనిలేదు. రేపటి నుంచి ఆ బిరుదు చదవొద్దని వందిమాగధులకు ఇప్పుడే చెప్పేస్తాను."

వందిమాగధులు రాజు వంక చూశారు. సభంతా చూసింది. రాజు పళ్లు కొరికి, "నిచ్చెన సిద్ధం చేయండి" అన్నాడు.

మర్నాడు ఒకవైపు ఏనుగులు, ఒకవైపు జనం. రాజు కిరీటంతోనే చెట్టెక్కాడు. కొమ్మల్లో కిరీటం నిలవదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పై గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలున్నాయి. తల్లికొంగ వాటికి ఎండ తగలకుండా రెక్కలు చాపి నిలబడి ఉంది. రాజు చలిమిడి ముద్ద చాచి, "వెళ్లిరా అమ్మా" అన్నాడు.

కొంగ ముక్కుతో ఆయన నుదుటి మీద ఒక్క పోటు పొడిచింది. కిరీటం దొర్లి ఏనుగు కాళ్ల దగ్గర పడింది. దళపతి బాణం సంధించాడు.

"దించు" అన్నాడు పైనుంచి రాజు.

కొంగ మాత్రం గూడు వదిలి అంగుళం జరగలేదు. చాపిన రెక్కలు చాపినట్టే ఉన్నాయి. రాజు చాలాసేపు చూసి, చలిమిడి చేత్తోనే కిందికి దిగాడు.

"అమ్మాయి ఏమంది ప్రభూ?" అన్నాడు పేరిభొట్లు.

"నన్నే పొమ్మంది."

"పుట్టింట్లో ఆడపిల్లకు ఆ మాత్రం చనువుంటుంది."

"నా మందిరం పాడవుతోంది కదయ్యా."

"మనవడు ఒళ్లో తడిపితే ఒడి కోసుకుంటామా ప్రభూ?"

రాజు నుదుటి మీది నెత్తురు తుడుచుకుని పకపకా నవ్వాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పల్లె చెట్లను ఏ ఏడూ ఎవరూ తాకకూడదని అక్కడే ఆజ్ఞ వేశాడు. ఏనుగులు కనుమరుగయ్యాకే అప్పలనరసమ్మ చెట్టు మొదట్లోంచి లేచింది.

"పేరిభొట్లూ, నీకు తగిన బహుమానం ఇస్తున్నాను. ఆ విహారమందిరం నీదే. మనవళ్లను నువ్వే ఎత్తుకో" అన్నాడు రాజు.

ఈసారి నవ్వడం జనం వంతయింది. పేరిభొట్లు రెట్టలు కారుతున్న ఆ కప్పు వంక చూసి చేతులు జోడించాడు.

"మహాప్రసాదం. దాంతోపాటు ఒక గొడుగు కూడా ఇప్పించండి ప్రభూ."

రాజు తన శ్వేతచ్ఛత్రమే ఇప్పించాడు. కొంగలు పిల్లలతో వెళ్లిపోయే నాటికి అది మరింత తెల్లబడింది.