వెల్లుల్లి తిన్న చిలక

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు కేదారుడికి పసితనంలో ఒకటే దగ్గు, ఒకటే ఆయాసం. దాది రోజూ పొద్దున్నే మూడు వెల్లుల్లి రెబ్బలు నిప్పుల్లో కాల్చి నోట్లో పెట్టేది. ఆయాసం పోయింది గానీ అలవాటు పోలేదు. అన్నలేమో ముక్కులు మూసుకుని, "ఒరేయ్, అవతల కూచోరా!" అనేవాళ్లు.

ఒకనాడు గుగ్గిలాక్షుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి మేఘావళిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల కోటలో దాచాడు. పెద్దన్న వెళ్లాడు, రాయైపోయాడు. నడిపన్న వెళ్లాడు, అతనూ రాయైపోయాడు.

"మా అన్నల్ని నేను తెస్తా" అని కేదారుడు వెల్లుల్లి మూట మొలకి కట్టుకుని బయల్దేరాడు.

ఒక ముసలి తాబేలు వీపెక్కించుకుంది. కొంతదూరం ఈది, "బాబూ, ఏం తిన్నావు?" అంది.

"వెల్లుల్లి, తాతా."

"అయితే అటు తిరిగి మాట్లాడు."

పాపం, ఏడు సముద్రాలూ అటు తిరిగే మాట్లాడాడు.

మాంత్రికుడు చెవిలో మూడుసార్లు మంత్రం ఊదితే మనిషి రాయే. కోట వాకిట్లో కేదారుడి చెవిలో ఒకసారి ఊదాడు. రెండోసారి ఊదాడు. మూడోసారికి కేదారుడు గిరుక్కున తిరిగి, "ఏంటి మావా, గట్టిగా చెప్పు!" అన్నాడు. మాంత్రికుడు ముక్కు పట్టుకుని అడివిలోకి పరుగో పరుగు!

లోపల మేఘావళి పంజరం చూపించింది. "వాడి ప్రాణం ఈ చిలకలో ఉంది. రోజూ పొద్దుగూకే వేళకి దీని ముక్కుకి ముక్కు ఆనించి ఊపిరి పీల్చుకుంటేనే బతుకుతాడు."

చిలక జలుబుతో గురగురలాడుతోంది. "నన్ను చంపుతావా అబ్బాయ్?"

"ఛఛ, నువ్వేం చేశావు?" అని మూడు రెబ్బలు కాల్చిపెట్టాడు. ఒకటి తిని చిలక మూతి తిప్పింది. రెండోది తిని కళ్లు మూసింది. మూడోది తిని కోటంతా మోగేలా కూసింది.

పొద్దుగూకింది. మాంత్రికుడొచ్చి ముక్కు ఆనించాడు. "అబ్బో!" అని వెనక్కి దూకాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ దూకాడు. "నాయనా, ప్రాణం పోతోంది!"

"ముందు మా అన్నలు."

మాంత్రికుడు నీళ్లు చల్లాడు. రాళ్లు రెండూ ఒళ్లు విరుచుకుని లేచాయి. కేదారుడు ఇద్దర్నీ వాటేసుకుని ఏడ్చాడు. ఈసారి ఎవరూ ముక్కు మూసుకోలేదు.

"మరి నా గతి?" అన్నాడు మాంత్రికుడు.

"నువ్వూ తిను. తిన్నవాడికి తిన్నవాడి వాసన తెలీదు."

మాంత్రికుడు ఏడుస్తూ నమిలాడు. చిలక దగ్గర హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. బతికాడు గానీ, వాడివన్నీ మడి మంత్రాలాయె! వెల్లుల్లి తగిలిన నోట ఒక్కటీ పలకలేదు.

"నన్ను పెళ్లాడతావా?" అని కేదారుడు మేఘావళిని అడిగాడు, అటు తిరిగి.

ఆమె చెయ్యి చాపింది. "ముందు నాకో రెబ్బ కాల్చివ్వు. తర్వాత ఇటు తిరుగు."

పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది. వాళ్లిద్దరూ చాలాకాలం, దగ్గరదగ్గరగా కూచునే, రాజ్యమేలారు.