నాడికి అందని గోధుమరొట్టె

తుమ్మలకోట రాజు అనంగభూపతికి మనసు ఒకచోట నిలవదు. నలభై ఏళ్ళు నిండినా అంతే. తీర్పు చెబుతూ చెబుతూ లేచి, చిలక్కి జామకాయ పెట్టడానికి వెళ్ళిపోతాడు. చిలక దగ్గర ఏనుగు గుర్తొస్తుంది. ఏనుగు దగ్గరికి వెళ్ళేసరికి ఎందుకొచ్చాడో గుర్తుండదు. సభలో తగాదా పెట్టుకున్న ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడే ఉంటారు.

ఒకరోజు రాజుకే తన మీద విసుగొచ్చింది. "నా మనసు నిలబెట్టినవాళ్ళకి అడిగింది ఇస్తాను!" అని చాటింపు వేయించాడు.

ఆస్థాన వైద్యుడు భైరవయ్య మీసం దువ్వుకుంటూ లేచాడు. లోకంలో తనంతటివాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. రాజు నాడి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"దొరికింది! దోషమంతా గోధుమది. ఒక్క గింజ లోపలికెళ్ళినా ప్రభువుల మనసు చెదిరిపోతుంది. వెళ్ళిందో లేదో నాడి పట్టుకుంటే నాకిట్టే తెలిసిపోతుంది."

అంతే, రాజు కంచంలోంచి గోధుమ మాయమైపోయింది. దాని బదులు రోజూ ఒక గిన్నె వేపాకు కషాయం వచ్చింది.

రాజుకి ఇందులో ఒక సుఖం కనిపించింది. గోధుమ లేనిదైతే ఎంతైనా తినొచ్చు కదా! పొద్దున అరిసెలు, మధ్యాహ్నం సున్నుండలు, సాయంత్రం పూతరేకులు. "ఇందులో గోధుమ లేదుగా?" అని అడగడం, నోట్లో వేసుకోవడం. అన్నం వేళ ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఆయనకు పట్టేది కాదు.

నెల తిరిగేసరికి రాజు సింహాసనం మీద నాలుగు క్షణాలు కూర్చుంటే గొప్ప. తప్పు తనదని భైరవయ్య ఒప్పుకుంటాడా? "వంటామె దొంగచాటుగా గోధుమ కలుపుతోంది!" అన్నాడు.

వంటామె పేరు పేరిందేవి. ఇరవై ఏళ్ళుగా కోట పొయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండింది. రాజు ఆమెను సభకి పిలిపించాడు.

"ఏడు రోజుల్లో నా మనసు నిలవకపోతే నువ్వు ఊరు వదిలి పోవాలి" అనేసి, ఆయన చిలక దగ్గరికి వెళ్ళిపోయాడు.

పేరిందేవి వెనకే పరుగెత్తింది. "మహాప్రభూ, రెండు మనవులు. నేను గంట కొట్టినప్పుడల్లా మీరెక్కడున్నా వచ్చి, పెట్టింది తినాలి. రెండోది..." అంటూ చెవిలో ఏదో చెప్పింది. రాజు కళ్ళు పెద్దవి చేసి తలూపాడు.

మర్నాటి నుంచి గంట మోగింది. పొద్దున్నే రొట్టె, పెసరపప్పు, గుడ్డు. మధ్యాహ్నం అన్నం, తోటకూర, చేపల పులుసు, పెరుగు. సాయంత్రం ఉడికించిన శనగలు, జామకాయ, ఒక అరిసె. ఒక్కటే. రెండోదానికి చెయ్యి చాపితే పేరిందేవి గరిటె అడ్డం పెట్టేది.

రోజూ సభ మొదట్లో భైరవయ్య నాడి చూసి, "గోధుమ లేదు!" అని అందరికీ వినపడేలా చెప్పేవాడు. మూడోరోజు రాజు నవ్వాపుకోలేక, "భైరవయ్యా, ఇవాళ పొద్దున నేను..." అన్నాడు. స్తంభం పక్కనున్న పేరిందేవికి ప్రాణం పోయినంత పనైంది. ఖళ్ళుఖళ్ళున దగ్గింది. రాజు నాలిక కరుచుకున్నాడు.

ఏడోరోజు గేదె తగాదా వచ్చింది. ఆ గేదె ఎవరిదో చెప్పడానికి పదకొండుమంది సాక్షులు. పదకొండోవాడు గేదెగారి అమ్మమ్మ పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. మంత్రి కునికాడు. చిలక పిలిచింది. రాజు ఒకసారి అటు చూసి, మళ్ళీ సాక్షివైపు తిరిగాడు. చివరిదాకా విని తీర్పు చెప్పాడు.

సభంతా చప్పట్లు. భైరవయ్య ముందుకు దూకాడు. "చూశారా నా వైద్యం! గోధుమ మానిపించిన ఫలితం!"

"అయ్యా, మరొక్కసారి నాడి చూడండి" అంది పేరిందేవి వినయంగా. "ఈ వారంలో గింజైనా లోపలికెళ్ళిందేమో."

"లేదు! వెళ్ళుంటే రాజుగారికిచ్చే వేపాకు కషాయం నెలరోజులు నేనే తాగుతాను!"

"అయితే గిన్నె తెప్పించమంటారా? ప్రభువులు రోజూ పొద్దున తిన్నవి రెండేసి గోధుమరొట్టెలండీ."

సభ ఘొల్లుమంది. భైరవయ్య ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "నేరం ఒప్పుకుంది! ప్రభువులకి తెలియకుండా..."

"నాకు తెలుసు" అన్నాడు రాజు. "మొదటిరోజే చెవిలో చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది." అంతలో ఆయనే ఆగిపోయాడు. "ఉండండుండండి. నేను ఏడు రోజులు ఒక మాట గుర్తుపెట్టుకుని దాచానా? నేనే?" సింహాసనం మీదే గంతేశాడు.

"మరి గోధుమ దోషం?" అని గొణిగాడు భైరవయ్య.

"గోధుమ పడనివాళ్ళూ ఉంటారండీ. మా మేనత్తకి ముద్ద దిగితే కడుపుబ్బిపోతుంది, ఆవిడ మానేసింది. ప్రభువులకి పడనిది గోధుమ కాదు, ఖాళీ కడుపు మీద పాతిక అరిసెలు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి, "ఇదిగో పేరిందేవీ, ఇంకా ఏం కావాలో..." అంటూ కిటికీలో ఉడతను చూశాడు. "అబ్బ, ఆ తోక చూడండి!" కంకణంతో సహా లేచి అటు నడిచాడు.

పేరిందేవి గంట ఠంగుమనిపించింది. రాజు గిరుక్కున తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఈ గంట ఎప్పటికీ నా చేతిలో ఉండనివ్వండి ప్రభూ, చాలు" అంది.

రాజు గంటా ఇచ్చాడు, కంకణమూ ఇచ్చాడు. పేరిందేవి మళ్ళీ గంట కొట్టింది. వంటశాల నుంచి పొగలు కక్కుతూ ఒక గిన్నె వచ్చింది.

"ఇది ప్రభువులకి కాదు. మీకే భైరవయ్యగారూ. వేళ తప్పకూడదు, తాగండి!"