మైలమ వదలని పగ్గం

ఎప్పటి మాటో ఇది. కనకవీడు అనే నగరంలో మైలమ అనే ఆవిడ ఉండేది. బాటసారుల గుర్రాలకు తన శాలలో చోటిచ్చి, మేత పెట్టి, అందుకు వచ్చే సొమ్ముతో బతికేది.

ఒకనాడు కామిసెట్టి అనే వర్తకుడు బక్కచిక్కిన తెల్లగుర్రాన్ని తెచ్చి అప్పగించాడు.

"ఓడ మీద వ్యాపారానికి వెళుతున్నాను. తిరిగొచ్చాక మేత ఖర్చంతా ఇచ్చేస్తాను" అన్నాడు.

వానలు వచ్చాయి, పోయాయి. చలి వచ్చింది, పోయింది. సెట్టి మాత్రం రాలేదు. మైలమ గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు ఉడకబెట్టి పెట్టేది, రోజూ ఒళ్లు తోమేది. ఎండాకాలం గడ్డి కరువైతే చేతి కడియాలు అమ్మి మేత కొన్నది.

ఒక ఉదయం శాల తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. తొలి వెలుగులో ఆ గుర్రం వెండికొండలా మెరుస్తోంది. "నేను మేపింది నిన్నేనా నాయనా!" అంటూ తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

ఆ గుర్రం మాట ఊరంతా పాకింది.

ముందు గుర్రాల బేరగాడు వచ్చాడు. "సెట్టి ఇక రాడు. నాకు అమ్మెయ్యి, బంగారం ఇస్తాను."

"బాకీ తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కే నాది. అమ్ముకునే హక్కు కాదు" అంది మైలమ.

తరవాత ఒక దొర వచ్చాడు. "పెళ్లి ఊరేగింపుకు ఒక్క పూట ఇయ్యి."

"ఎక్కించి తిప్పడానికి అది నా సొత్తు కాదు దొరా!"

చివరికి సెట్టే వచ్చాడు. వాకిట్లోంచే కేకేశాడు. "నా గుర్రాన్ని బయటికి తోలు!"

"మేత ఖర్చు ఇచ్చి తోలుకెళ్లండి సెట్టిగారూ."

"నా గుర్రానికి నేను సొమ్ము కట్టాలా?" అంటూ సెట్టి నేరుగా రాజు దగ్గరికి పోయాడు. "ప్రభూ, ఈమె నా గుర్రాన్ని బాడుగకు తిప్పుకుంది. ఈపాటికి చంపేసే ఉంటుంది!"

రాజు కబురు పంపి, సభలో ఎన్నడూ అడుగు పెట్టని మైలమను పిలిపించాడు.

"గుర్రాన్ని తీసుకురా" అన్నాడు రాజు.

గుర్రం సభలోకి నడిచొచ్చింది. గుసగుసలు ఆగిపోయాయి. వింజామరలు వీచేవాళ్ల చేతులు గాలిలోనే నిలిచాయి. రాజు సింహాసనం దిగి వచ్చి దాని వీపు నిమిరాడు. ఎక్కడా జీను ఒరుసుకున్న గుర్తే లేదు.

"సెట్టీ, నీ గుర్రం ఇదేనా?"

"కాదు ప్రభూ! నేనిచ్చింది ఎముకల గూడు!" అనేశాడు సెట్టి.

ఆ గొంతు విని గుర్రం సకిలించింది. దగ్గరికొచ్చి అతని భుజం మీద తల ఆనించింది.

"ఎముకల గూడును ఇలా చేసిన మనిషి మీదా నువ్వు నింద వేసింది?" అన్నాడు రాజు. "బాకీ తీరేదాకా గుర్రాన్ని ఆపే హక్కు ఆమెకుంది. తీర్చకపోతే నా ఎదుటే వేలం వేయించి ఆమె సొమ్ము ఆమెకు ఇప్పిస్తాను."

సెట్టి బాకీ అంతా అక్కడే చెల్లించి, తల వంచి ఆమెకు దండం పెట్టాడు.

మైలమ ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా పగ్గాన్ని సెట్టి చేతిలో పెట్టింది. "ఉలవలు మెత్తగా ఉడికించి పెట్టండి సెట్టిగారూ" అంది.

పిల్లలూ, పరాయి సొత్తును ప్రాణంలా కాపాడినవాళ్లు తమకు రావలసింది ఎంతటివారి ముందైనా తలెత్తుకుని అడగవచ్చు.