కుండలో నీలి నీళ్ళు

చిననాగులవరంలో ఇనుప సామానుకు రాగి పూత పూసే సోమాచారి పనిలో గట్టివాడే గాని, కంటికి కనబడనిది లేనట్టే అనుకునేవాడు.

పూతకు మైలుతుత్తం అనే రాగి ఉప్పు కలిపిన నీలి నీళ్ళు కావాలి. పనయ్యాక మిగిలినవాటిని పెరట్లో నల్లరేగడి నేల మీద పారబోసేవాడు. గోడకు అవతల నాంచారమ్మ ఆకుకూరలు పండించేది. రెండిళ్ళకూ కలిపి ఒక్కటే బావి. ఆమె మడులకు ఆ నీళ్ళే, ఇద్దరిళ్ళల్లో తాగడానికీ ఆ నీళ్ళే.

"తమ్ముడూ, ఆ విషం బావిలోకి దిగితే నా తోటకూర ఏం గాను? మనమేం తాగాలి?" అని ఒకరోజు నాంచారమ్మ నిలదీసింది.

సోమాచారి నవ్వి, వీధివాళ్ళందరినీ పిలిచాడు. అడుగున చిల్లి ఉన్న కుండలో తన పెరటి మన్ను నింపి, పైనుంచి నీలి నీళ్ళు పోశాడు. కింద పెట్టిన గిన్నెలోకి తేట నీళ్ళు చుక్కచుక్కగా దిగాయి.

"చూశావా అక్కా! నేల మింగేసింది. ఇంకెక్కడి నీలం?"

"మింగిందో, పట్టుకుని కూర్చుందో ఎవరు చూడొచ్చారు?" అంది నాంచారమ్మ. అందరూ గొల్లుమన్నారు. పాపం, ఆమె తన మడుల వైపు వెళ్ళిపోయింది. సోమాచారి ఆ కుండను వసారాలో పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకు గొప్పగా చూపించేవాడు.

ఆరేళ్ళు గడిచాయి. బావి నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఒక వేసవిలో తుప్పు పట్టిన ఉయ్యాల గొలుసులు బండెడు పూతకు వచ్చాయి. తుప్పు వదిలించడానికి సోమాచారి వాటిని యాసిడ్ తొట్లలో నానబెట్టాడు. పనయ్యాక, "ఇన్నేళ్ళు మింగిన నేలకు ఇదొక లెక్కా?" అంటూ ఆ యాసిడంతా అదే చోట కుమ్మరించాడు.

తొలకరి వానలు పడ్డాయి. పది రోజులకల్లా నాంచారమ్మ మడుల్లో ఆకంతా పసుపెక్కి వాలిపోయింది. బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే రాగి చిలుము రుచి. సోమాచారి భార్య భద్రమ్మ ఆ నీళ్ళు తాగి, వాంతులతో మంచం పట్టింది.

నాంచారమ్మ కొబ్బరిబోండాం కొట్టించి తెచ్చి భద్రమ్మ చేత తాగించింది. తర్వాత వసారాలోకి వచ్చి కుండ వైపు చూసింది.

"తమ్ముడూ, సీసాలో మిగిలిన యాసిడ్ కాస్త దాన్లో పొయ్యి."

సోమాచారి పోశాడు. గిన్నెలో ఒక చుక్క పడింది. నీలం! మళ్ళీ ఒకటి. అదీ నీలమే. ఆరేళ్ళ కిందట అందరి ముందూ మాయమైన నీలం.

"అయ్యయ్యో! ఇదంతా ఇందులోనే ఉందా అక్కా?"

"ఎక్కడికి పోతుంది? నేల దాన్ని గట్టిగా పట్టుకుంది. నువ్వే యాసిడ్ పోసి దాని పట్టు విడిపించావు."

భద్రమ్మ నాలుగు రోజులకు కోలుకుంది. బావి మాత్రం కోలుకోలేదు, దాన్ని మూసేశారు. అప్పట్నుంచి సోమాచారి రోజూ తెల్లవారగానే ఊరవతలి చెలమ నుంచి కావడితో నీళ్ళు మోసుకొచ్చి, ముందు నాంచారమ్మ మడులు తడిపి, ఆ తర్వాతే తన పని మొదలుపెట్టేవాడు. కుండను ఎవరికీ చూపించేవాడు కాదు.

నీతి: మన తప్పును ఎవరో ఓర్చుకుని కడుపులో పెట్టుకున్నంత మాత్రాన అది పోయినట్టు కాదు, కనబడటం లేదు కదా అని ఇంకా ఇంకా మోపితే, ఆ ఓర్పు తీరిన రోజున అంతా ఒక్కసారే మన మీదికి తిరిగొస్తుంది.